డిజైన్ బట్టలోకి ఏ దశలో చేరుతుంది? చేనేత నకళ్ల వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: ఇక్కత్‌లో డిజైన్ నూలు దశలోనే పడుతుంది. ఉప్పాడ జమ్దానీ, గద్వాల కుప్పడం నేతల్లో మగ్గం మీద పడుతుంది. కలంకారీ, మగ్గం వర్క్‌లలో బట్ట తయారయ్యాక పడుతుంది. ధరల్లో తేడా, నకలు చేయడంలో సులువు, అసలును గుర్తుపట్టే తీరు చాలావరకు ఈ దశను బట్టే ఉంటాయి. ఇప్పుడున్న లేబుళ్లు ఎక్కువగా ఊరినో, మగ్గాన్నో, దారాన్నో ధ్రువీకరిస్తాయి గానీ ఈ దశ సంగతి కొనేవారికి సూటిగా చెప్పవు.

ఒకే డిజైన్, మూడు ధరలు

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా బట్టల దుకాణాల్లో ఇక్కత్ పేరుతో సాధారణంగా మూడు రకాల చీరలు కనిపిస్తాయి. మొదటిది పాలియెస్టర్ మీద డిజిటల్ ప్రింట్ వేసినది. ఇది వందల్లో దొరుకుతుంది. రెండోది చేతిమగ్గం మీద నేసిన నూలు బట్టే, కాని డిజైన్ మాత్రం పైన స్క్రీన్‌తో అద్దినది. మూడోది దారానికే కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేసినది; దీని ధర వేలల్లో ఉంటుంది. మూడింటి మీదా అవే డైమండ్లు, అవే ఏనుగులు, అవే చిలకలు ఉంటాయి. ఫోన్ తెర మీద చూస్తే తేడా దాదాపు తెలియదు. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగిన కొద్దీ కొనేవారి అయోమయం కూడా పెరగడానికి ఇదొక కారణం: చీరను వెనక్కి తిప్పి చూసే వీలు అక్కడ లేదు.

‘చేతిపని కాబట్టి ఖరీదు’ అన్నది దుకాణాల్లో తరచుగా వినిపించే సమాధానం. అది తప్పు కాదు గానీ దానితో తేలేదేమీ లేదు, ఎందుకంటే స్క్రీన్ ప్రింటింగ్‌లో కూడా చేతిపని ఉంది. ఎంత చేతిపని అన్న ప్రశ్న కంటే, డిజైన్ కోసం చేసిన పని బట్ట తయారీలో ఏ దశలో జరిగిందన్న ప్రశ్న ఎక్కువ విషయాలను తేలుస్తుంది.

మగ్గం ఎక్కకముందే పూర్తయ్యే బొమ్మ

యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లలో ఇక్కత్ పనిలో పెద్ద భాగం మగ్గానికి దూరంగా జరుగుతుంది. పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా నడిచే దారాన్ని, ముందుగా ఆసు మీద పోస్తారు. ఆసు అంటే ఒక చివర ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉన్న చట్రం. దారాన్ని ఒంటి మేకు నుంచి వంపులోని ఒక్కో మేకుకు, అక్కడి నుంచి తిరిగి వెనక్కి తిప్పుతూ పోతే విసనకర్ర ఆకారంలో దారాల గుత్తులు ఏర్పడతాయి. ఒక్కో గుత్తి డిజైన్‌లోని ఒక్కో మెట్టుకు సరిపోతుంది. గ్రాఫ్ కాగితం మీది బొమ్మను చూసుకుంటూ ఆ గుత్తుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముందుగా లేత రంగులో ముంచి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, తర్వాత ముదురు రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, విప్పడం తప్పదు.

ఈ పద్ధతి నుంచి రెండు ఫలితాలు వస్తాయి. మొదటిది కంటికి కనిపించేది. కట్టు ఎంత బిగించినా దాని అంచు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందువల్ల ఇక్కత్ బొమ్మకు అంచు గీత గీసినట్టు ఉండదు, నూగుగా ఉంటుంది. రెండోది ఖర్చుకు సంబంధించినది. కట్టడం ఒక్కో దారానికి కాదు, గుత్తికి జరుగుతుంది. ఒక కట్టు చాలా దారాల మీద ఒకేసారి పనిచేస్తుంది. ఒక పడుగు (మగ్గానికి నిలువుగా బిగించే దారాల వరస) మీద సాధారణంగా ఏడెనిమిది చీరలు దిగుతాయి కాబట్టి కట్టు, అద్దకం శ్రమ వాటన్నిటికీ పంచబడుతుంది. అంటే ఇక్కత్‌లో పెట్టుబడి ముందే పడిపోతుంది: కొత్త డిజైన్ మొదలుపెట్టడం ఖరీదు, పాత డిజైన్‌ను మళ్లీ నేయడం కొంత చవక. పోచంపల్లిలో కొన్ని డిజైన్లు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కనిపించడాన్ని సృజన లోపంగా చూడడం తొందరపాటు. నష్టాన్ని భరించలేని కుటుంబం అమ్ముడవుతుందని తెలిసిన కట్టునే కడుతుంది.

ఆసు పోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక్క చీరకే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో తన తల్లి పడుతున్న ఈ శ్రమను తగ్గించేందుకు లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. నాలుగైదు గంటల పనిని అది సుమారు గంటన్నరకు తెచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. యంత్రం తీసేసింది దారం తిప్పే కష్టాన్ని మాత్రమే అన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. ఎక్కడ కట్టాలన్న నిర్ణయం, కట్టే నేర్పు మనిషి చేతిలోనే ఉన్నాయి. చేనేతలో యంత్రం అంటేనే నకలు అనుకునేవారు ఈ తేడాను మరిచిపోతుంటారు.

పడుగు ఒక్కదానికో, పేక ఒక్కదానికో కట్టు కడితే సింగిల్ ఇక్కత్. రెండింటికీ కట్టి, నేసేటప్పుడు పడుగులోని ఎరుపు మీదికి పేకలోని ఎరుపు సరిగ్గా వచ్చేలా కూర్చితే డబుల్ ఇక్కత్. గుజరాత్‌లోని పాటన్ పటోలా, ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగనన్ గ్రామంలో నేసే గెరింగ్‌సింగ్, మన చీరాల, పుట్టపాకల తేలియా రుమాలు ఈ కోవలోనివి. తేలియా రుమాలు నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ పదేపదే నానబెడతారు. ఎరుపు గట్టిగా పట్టడానికీ, బట్ట మెత్తగా ఉండడానికీ ఇదే కారణం. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది.

ఇక్కత్‌ను పరీక్షించడానికి వెనక వైపు చూడమని సాధారణంగా సలహా ఇస్తారు: అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటు వెనక వెలిసినట్టు ఉంటుంది. ఈ పరీక్ష చాలాసార్లు పనిచేస్తుంది, కాని పల్చటి బట్ట మీద రంగు వెనక్కి దిగితే పనిచేయదు. పైగా నేతకు ముందే పడుగు మీద ప్రింటు వేసే పారిశ్రామిక పద్ధతి ఒకటి ఉంది; దానిలో బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది, అంచుకు నూగు కూడా వస్తుంది. అయితే ఆ నూగు పడుగు దిశలోనే ఉంటుంది. పేక దారం ఒకటి లాగి చూడడం మరింత నమ్మకమైన పద్ధతి. పేక ఇక్కత్‌లో ఒకే దారం పొడవునా రంగు మారుతూ పోతుంది, ఆ మార్పు దారం చుట్టూ నాలుగు వైపులా ఉంటుంది. బట్ట మీద అద్దిన దారంలోనైతే పైకి తేలిన చోట రంగు ముదురుగా, పడుగు దారం కింద దాగిన చోట తెల్లగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

మగ్గం మీద పుట్టే బొమ్మ

కాకినాడ జిల్లా తీరంలోని ఉప్పాడలో లెక్క పూర్తిగా మారుతుంది. జమ్దానీలో నూలుకు ముందుగా కట్లు ఏవీ ఉండవు. నాడె, అంటే దారపు కండెను మోసే పరికరం, నేల బట్టకు కావలసిన పేకను ఒక అంచు నుంచి మరో అంచుకు తీసుకెళ్తుంది. ఆ తర్వాత ఒక్కో బుటా దగ్గర విడివిడిగా ఉన్న చిన్న దారాన్ని నేతకారుడు వేళ్లతో కొన్ని పడుగు పోగుల కింద నుంచి దూర్చి, బుటా అంచు దగ్గరే వెనక్కి తిప్పుతాడు. వరసలో ఇరవై బుటాలుంటే ఇరవై దారాలు కదలాలి. అప్పుడు గానీ నాడె మళ్లీ నడవదు. మగ్గం పైన కట్టిన జాల దారాలు ఏ పోగులు లేవాలో చూపిస్తాయి గానీ దూర్చే పని చేతిదే.

ఇక్కడ కట్టు శ్రమను ఏడెనిమిది చీరలకు పంచినట్టు పంచే వీలు లేదు. పదో చీరలోని బుటాకు పట్టే సమయం మొదటి చీరలోని బుటాకు పట్టినంతే. అందుకే జమ్దానీ ధర బుటాల సంఖ్యతో, వాటి విస్తీర్ణంతో దాదాపు నేరుగా పెరుగుతుంది. చీరంతా పనితనం ఉన్నదానికి నెలల కూలి పడుతుంది. ఉప్పాడ జమ్దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని పెద్ద బంధువు లాంటి ఢాకా జమ్దానీ నేత 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

మరమగ్గం మీది జాకార్డ్ (డిజైన్ ప్రకారం పడుగు పోగులను ఎత్తే యంత్రభాగం) దీన్ని అనుకరించే తీరు చూస్తే తేడా ఎక్కడుందో అర్థమవుతుంది. మామూలు మరమగ్గంలో బుటా వేసే అదనపు పేక మధ్యలో వెనక్కి తిరగదు, అంచు దాకా పోతుంది. బుటాకు, బుటాకు మధ్య ఆ దారం బట్ట వెనక వదులుగా వేలాడుతుంది. దాన్ని తర్వాత కత్తిరిస్తారు. కాబట్టి వెనక వైపు బుటా చుట్టూ తెగిన దారాల కొసలు ఉంటే అది కట్‌వర్క్; దారం తెగకుండా బుటాలోనే తిరిగి, రెండు వైపులా శుభ్రంగా ఉంటే జమ్దానీ.

దారాన్ని మధ్యలో వెనక్కి తిప్పడం అనే ఈ సూత్రాన్ని చివరి దాకా తీసుకెళ్తే వచ్చేది టాపెస్ట్రీ. 1662లో ఫ్రాన్స్ రాజ్యం తన ఆధీనంలోకి తీసుకున్న ప్యారిస్ గోబెలిన్స్ కార్ఖానాలో నేసిన గోడతెరల్లో అంచు నుంచి అంచుకు పోయే పేక సాధారణంగా ఉండదు. ఒక్కో రంగుకు దాని మేరకే పేక ఉంటుంది, పడుగు పూర్తిగా కప్పబడిపోతుంది. జమ్దానీలో నేల బట్ట ఒకటి ఉండి బొమ్మ దానికి అదనంగా చేరుతుంది. టాపెస్ట్రీలో బొమ్మే బట్ట. పేక పడుగును పూర్తిగా కప్పేసే గుణం మన వరంగల్ కొత్తవాడ జంపఖానాల్లోనూ ఉంది. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గద్వాల చీర ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తుంది. నూలు ఒంటికి, పట్టు అంచుకు వేర్వేరు నాడెలు వాడి, రెండు పేకలు కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిక వేయడం కుప్పడం పద్ధతి. దీని ఫలితం అంచు రంగులో కనిపిస్తుంది. ఒంటి పేక అంచులోకి రాదు కాబట్టి ఎర్ర అంచు పూర్తి ఎరుపుగా ఉంటుంది. ఒకే పేకను ఇటు నుంచి అటు పరిగెత్తించిన నకలులో తెల్ల ఒంటి పేక ఎర్ర అంచు పడుగుతో కలిసి రంగు పలచబడుతుంది. ప్రత్యేక పరికరాలేవీ లేకుండా దుకాణంలోనే తేల్చుకోగలిగిన తేడా ఇది.

బట్ట తయారయ్యాక

శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు గీత చెదరకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే, బట్టలోని కరక్కాయ వగరుతో కలిసి అది నల్లబడుతుంది. ఎరుపు విషయం మరింత ఆసక్తికరం: కళాకారుడు కలంతో రాసేది ఎరుపు కాదు, దాదాపు రంగులేని పటిక నీరు. ఆ బట్టను రంగునిచ్చే చెక్క, వేరు వేసిన నీటిలో ఉడికించినప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది; మిగతా చోట ప్రవాహంలో ఉతికితే పోతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ కళ స్థిరపడడానికి పారే నీరు ఒక కారణం. మచిలీపట్నం, పెడనల్లో ఇదే రసాయన సూత్రాన్ని చెక్క అచ్చులతో వాడతారు.

రసాయనం ఎంత సూక్ష్మమైనదైనా అది ఒక వంటకం లాంటిది, రాసి పంపగలిగేది. చరిత్రలో సరిగ్గా అదే జరిగింది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు యూరప్ మార్కెట్లను ముంచెత్తినప్పుడు ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండ్ 1700లో, 1721లో చట్టాలు చేసింది. ఈ నడుమ 1742లో కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతాచార్యుడు ఈ తీరంలో క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం పనివారి నుంచి పద్ధతిని దశల వారీగా తెలుసుకుని లేఖ రూపంలో స్వదేశానికి పంపాడు. ఆయన తెలుగు, సంస్కృతాలు నేర్చిన పండితుడు కూడా. కాని బట్టల చరిత్ర ఆయనను గుర్తుంచుకునేది ఈ ఉత్తరం వల్లనే. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే ప్యారిస్ దగ్గరి జూయీలో అద్దకపు కార్ఖానా మొదలైంది. 1783లో థామస్ బెల్ రోలర్ ప్రింటింగ్‌కు పేటెంట్ పొందాక చేతి అచ్చు యంత్రంతో పోటీపడడం కష్టమైంది. బుటా దగ్గర దారం తిప్పే వేళ్ల నేర్పును అలా ఉత్తరంలో పంపడం కుదరదు.

మగ్గం వర్క్ కూడా బట్ట తయారయ్యాక చేరేదే. జాకెట్ల మీద ఆరీ సూదితో వేసే గొలుసు కుట్టు ఒకే దారంతో నడుస్తుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం పై దారం, కింది బాబిన్ దారం కలిపి కుడుతుంది. వెనక తిప్పితే చాలాసార్లు తెల్లటి బాబిన్ దారం కనిపిస్తుంది. కుందన్లు, పూసలు, జర్దోసీ చుట్లు ఇంకా చాలావరకు చేతి పనిగానే మిగిలాయి. దారం పనిలో మాత్రం యంత్రం ఇప్పటికే మార్కెట్‌లో పెద్ద వాటా తీసుకుంది.

చట్టాలు ఏం చూస్తున్నాయి?

1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం మొదట 22 రకాల వస్త్రాలను చేతిమగ్గాలకు కేటాయించింది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1996లో ఆ జాబితా 11కు తగ్గింది. అది అడిగే ప్రశ్న ఏ మగ్గం మీద నేశారన్నది. పాలియెస్టర్ మీద వేసిన ఇక్కత్ బొమ్మ ఈ ప్రశ్న పరిధిలోకే రాదు.

భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. దేశంలో తొలి నమోదుల్లో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. ఇది పేరును కాపాడుతుంది. ‘పోచంపల్లి’ అని రాసి ప్రింటు అమ్మితే చర్య తీసుకోవచ్చు. ‘ఇక్కత్ ప్రింట్’ అని రాస్తే అడ్డుచెప్పడం కష్టం, ఎందుకంటే ఇక్కత్ ఒక పద్ధతి పేరు, ఎవరి సొత్తూ కాదు. ఇక 2000 నాటి డిజైన్ల చట్టం కొత్త డిజైన్లకే రక్షణ ఇస్తుంది, తరాలుగా వస్తున్న డైమండ్‌కు కాదు. చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) బట్ట చేతిమగ్గం మీద నేసినదని, సిల్క్ మార్క్ దారం అసలు పట్టని చెబుతాయి. మొదట చెప్పిన రెండో రకం చీర, అంటే చేతిమగ్గం బట్ట మీద స్క్రీన్ ప్రింటు, అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా చేనేత పేరుతో అమ్ముడుపోగలదు. అసలు ఇక్కత్‌కు పాలియెస్టర్ నకలు కంటే ఇదే ఎక్కువ ఇబ్బందికరమైన పోటీ.

ముందు జరగగలిగేది

మొదటి దెబ్బ సాదా సింగిల్ ఇక్కత్ మీదే పడుతుంది. దాని డిజైన్ సరళం, ప్రింటుతో దగ్గరగా పోలుతుంది, కొనేవారు ధర చూసి నిర్ణయించుకునేవారు. డబుల్ ఇక్కత్, జమ్దానీ నకలుకు సులభంగా లొంగవు, కాని వాటిని కొనేవారి సంఖ్య పరిమితం. కాబట్టి మార్కెట్ పైమెట్టుకు జరిగితే కొందరు నిపుణుల ఆదాయం పెరిగి, మొత్తం మగ్గాల సంఖ్య తగ్గే అవకాశం ఉంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది ఈ రంగంలో ఉన్నారు. వారిలో 72 శాతం మహిళలు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయలలోపు ఆదాయంతో బతుకుతున్నవే. ఆసు పోయడం, కండెలు చుట్టడం లాంటి మగ్గం ముందు పనులకు చాలా ఇళ్లలో విడిగా కూలి లెక్క ఉండదు. సాదా ఇక్కత్ తగ్గితే ఆ పనులే ముందు తగ్గుతాయి, ఆ నష్టం మాత్రం ఏ కూలి లెక్కలోనూ విడిగా కనిపించదు.

కలంకారీలో చిక్కు మరో రకం. అక్కడ నకలు బయటి నుంచి రావడం లేదు. పెడన ప్రాంతంలోనే చెక్క అచ్చు పని పక్కన స్క్రీన్ ప్రింటు నడుస్తోంది, రెండింటి మీదా ఆధారపడిన కుటుంబాలు ఆ ఊళ్లవే. కఠినంగా నియంత్రిస్తే ఒకరి ఉపాధి నిలిచి మరొకరిది పోతుంది. ‘చెక్క అచ్చు, సహజ రంగులు’ అనీ, ‘స్క్రీన్ ప్రింటు’ అనీ విడివిడిగా రాసి రెండు ధరలకు అమ్మడం దీనికి ఆచరణలో కుదిరే మార్గంగా కనిపిస్తుంది. ఇక్కత్‌కూ ఇదే వర్తిస్తుంది: చీర చీటీ మీద నూలుకు కట్టు కట్టారా, బట్ట మీద అద్దారా అన్న ఒక్క వాక్యం చేరితే చేనేత గుర్తు చెప్పకుండా వదిలేసిన సంగతి తెలిసిపోతుంది. దానికి కొత్త చట్టం అవసరం లేదు. కాని స్క్రీన్ ప్రింటును చేనేత ధరకు అమ్ముకునే వ్యాపారి తనంతట తాను ఆ వాక్యం రాయడు కాబట్టి, సహకార సంఘాలు, ప్రభుత్వ విక్రయ కేంద్రాలే ముందుగా మొదలుపెట్టాల్సి ఉంటుంది.